కల్లు గీసిన చేతుల్లో సత్ప్రసాదం

ఆదివారం పొద్దున బంగ్‌కాల్ దీవిలో కార్పో నడిచి వస్తున్నాడంటే పేకాట ఆగిపోతుంది. రేడియోలో పాట సగంలో నోరు మూస్తుంది. పందెం కోళ్ళకి ఈకలు దువ్వుకుంటూ కూర్చున్న మగాళ్ళు కోడిని చంకలో ఇరికించుకుని లేచి నిలబడి టోపీలు తీస్తారు. ఇదంతా కార్పోని చూసి అనుకునేరు, అతనంత మొనగాడేం కాదు. అతని మెడలో వేలాడే తోలుసంచిలో బంగారుపూత డబ్బీ ఉంటుంది, ఆ డబ్బీలో పలచటి అప్పాల రూపంలో, సత్ప్రసాదంగా, ప్రభువు ఉంటాడు. మంచం పట్టి గుడికి రాలేని వాళ్ళ దగ్గరికి ఆయనే బయల్దేరి వెళ్తున్నాడు. కార్పో మోసేవాడు, అంతే.

ఆ దారి పొడుగునా కార్పో పెదవి విప్పడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఎండైనా వానైనా గొడుగేసుకుని, డబ్బీ మీద ఎడమచెయ్యి ఆనించి, ఎక్కడా ఆగకుండా నడుస్తాడు. ఎవరూ పలకరించరు. ఊళ్ళో కుక్కలకి మాత్రం ఈ మర్యాద తెలియదు, వాటి మానాన అవి మొరుగుతాయి. డబ్బీ ఖాళీ అయ్యాక చూడాలి అతన్ని. గడపగడపకీ ఆగి, వెళ్ళేటప్పుడు మింగుకున్న మాటలన్నీ కక్కేసి, అన్నం వేళ దాటాక గానీ ఇల్లు చేరడు.

అసలీ పనికి అతన్ని పెట్టినప్పుడు ఊళ్ళో పెద్ద రభసే జరిగింది. కార్పో కల్లు గీసేవాడు. కొబ్బరిమానుకి కొట్టిన గంట్లలో కాలివేళ్ళు మోపి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి దిగడం అతని బతుకు. పూజ చెయ్యడానికి గురువు సముద్రపాయ అవతలి ఊరి నుంచి నెలకోసారి పడవలో వస్తాడు. మిగతా వారాల్లో గుడిలో సత్ప్రసాదం భద్రపరిచే మందసం తాళం ఎవరో ఒకరి దగ్గర ఉండాలి, ప్రార్థన చెప్పి సత్ప్రసాదం పంచాలి, రోగులకి తీసుకెళ్ళాలి. అప్పటి గురువు పాద్రే హెర్మో ఆ తాళంచెవి కార్పో మెడలో వేశాడు.

"పాద్రే, ఊళ్ళో మనుషులే కరువయ్యారా?" అని అందరిముందూ అడిగేసింది రెస్తితుతా. బలిపీఠం గుడ్డలన్నీ ఉతికి ఇస్త్రీ చేసేది ఆమే. ప్రభువుని తాకిన గుడ్డ కదా, మొదటిసారి జాడించిన నీళ్ళు మురికికాలవలో పోకూడదు. గుడి వెనక దానికోసమే తవ్విన గుంటలో, మట్టిలో పొయ్యాలి. ఆ నియమం ఆమె పుట్టకముందు నుంచీ ఉన్నా, ఆమె పాటించే తీరు చూస్తే తనే పెట్టిందేమో అనిపిస్తుంది. అలాంటి మనిషికి కల్లువాసన గిట్టుతుందా?

పాద్రే ఏమాత్రం తొణకలేదు. "అతను కల్లు నిండిన వెదురుగొట్టం వీపున కట్టుకుని అంత ఎత్తు నుంచి దిగుతాడమ్మా. ఒక్క చుక్క కింద పడగా నేను చూడలేదు. నాకు కావలసింది అలాంటి మనిషి. మీలో ఎవరైనా ఎక్కి దిగుతానంటే చెప్పండి, తాళం వాళ్ళకే ఇస్తా."

అందరూ నవ్వారు. రెస్తితుతా నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమె కార్పోని వెయ్యికళ్ళతో కనిపెట్టింది. ప్రతి ఆదివారం ప్రార్థనకి ముందు గుడి గుమ్మం దగ్గరే ఆపి, "ఏదీ, గోళ్ళు చూపించు" అనేది. కార్పో బడిపిల్లాడిలా చేతులు చాచేవాడు. ముందురోజు రాత్రే చిన్న నిమ్మకాయ చెక్కలతో చేతులు తెగ రుద్దుకునేవాడు గనక ఆమెకి అక్కడ ఏమీ దొరికేది కాదు. "ఊఁ, వెళ్ళు" అనేది, ఏదో నష్టపోయినట్టు.

ఇలా ఏళ్ళు గడిచాయి. పాద్రే హెర్మో కాలం చేశాడు, ఇద్దరు ముగ్గురు గురువులు వచ్చి వెళ్ళారు, ఇప్పుడు కుర్ర గురువు ఫాదర్ జోనిల్ వస్తున్నాడు. తాళంచెవి మాత్రం కార్పో మెడలోనే ఉంది. ఇంతలో, ఈ ఏడు ఈస్టరుకి ముందొచ్చే తపస్సుకాలం మొదట్లో, అతని కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది.

మొదట చెట్టు మీద తెలిసింది. పూగుత్తి కొసని ఉల్లిపొరంత పలచగా చెక్కాల్సిన కత్తి లోతుగా దిగబడింది. దిగొచ్చి కత్తి అల్లుడి చేతికిచ్చాడు. అందుకు పెద్దగా బాధపడలేదు, మోకాళ్ళు ఎప్పటినుంచో అదే మాట చెబుతున్నాయి. కానీ డబ్బీ సంగతి వేరు. ఆదివారం ఆ నడక లేకపోతే వారానికి తలా తోకా ఉండదనిపించింది. 

భార్య బియాంగ్ కాఫీ కప్పు చప్పుడుని బట్టి పట్టేసింది.

"ఏమయ్యా, కప్పు సాసరుతో పోట్లాడుతోందేంటి?"

"చలి."

"ఈ ఎండల్లోనా? నీ చలి మండ! ఫాదర్‌కి చెప్పు."

"చెబితే తాళం తీసేసుకుంటాడే."

"తీసుకోనీ. నువ్వేమన్నా దాంతో పుట్టావా?"

"అది కాదే. చెయ్యి వణుకుతోందంటే ఊరేమంటుంది? కల్లు గీసేవాడు కదా, తాగుడు ముదిరిందంటారు. నేను అన్నానికి ముందు ఒక్క గ్లాసే తాగుతానని నీకు తెలుసు, దేవుడికి తెలుసు. తూతాకి తెలుసా?"

"తెలిసినా ఒప్పుకోదు," అంది బియాంగ్. రెస్తితుతాని ఊళ్ళో అంతా తూతా అనే పిలుస్తారు.

దాంతో కార్పో ఓ ఉపాయం కనిపెట్టాడు. సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టుని గట్టిగా పట్టుకునేవాడు. చూసేవాళ్ళు భక్తి ముదిరిందనుకుంటారని అతని ధీమా. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికీ అదే ధీమా. కొన్ని వారాలు నెట్టుకొచ్చాడు.

ఆ ఆదివారం చివరి ఇల్లు తూతా వాళ్ళదే. ఆమె తల్లి లోలా దామియానా రెండేళ్ళుగా మంచంలో ఉంది. ముసలామెకి కాళ్ళు పడిపోయాయి, చూపు సగం పోయింది, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. గుంజల మీద నిలబెట్టిన పాతకాలపు ఇల్లు అది. గాలి ఆడటానికని నేలకి పరిచిన వెదురుబద్దల మధ్య సందులుంటాయి. కింద కోళ్ళు, గుంజకి కట్టిన పంది. మంచం పక్కన చిన్న బల్ల మీద తూతా ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ, కొవ్వొత్తి, గ్లాసులో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఇచ్చాక కార్పో వేళ్ళు ముంచి కడుక్కునే నీళ్ళవి. వాటిని పెరట్లో మునగచెట్టు మొదట్లో పోస్తారు. దీవంతా పూటకోసారి మునగాకు వండుకు తింటుంది గానీ, ఆ చెట్టు ఆకు తుంచనివ్వదు తూతా.

"వచ్చావట్రా కార్పో," అంది లోలా. "ఇంత ఆలస్యమేంటి? దార్లో ప్రభువుకి కొబ్బరితోట చూపించావా?"

కార్పో నవ్వు ఆపుకుని ప్రార్థన చెప్పాడు. తూతా మెట్ల దగ్గర మోకరించింది. డబ్బీలో రెండు అప్పాలు మిగిలాయి. ఒకటి తీసి, ఎడమచెయ్యి మణికట్టు మీద వేశాడు.

"క్రీస్తు శరీరం."

"ఆమెన్," అంది లోలా, నాలుక చాచింది.

ఆ రోజు ఎడమచెయ్యి కూడా వణికింది. అంతకుముందెప్పుడూ అలా కాలేదు. వేళ్ళ మధ్య నుంచి అప్పం జారి, మంచం పట్టె మీద పడి, అక్కడినుంచి నేల మీదికి దిగి, చక్రంలా దొర్లుకుంటూ పోయి బద్దల సందులో మాయమైంది.

 కార్పో బోర్లాపడి సందులోకి కన్ను పెట్టాడు. కింద నల్లటి బురదలో తెల్లగా కనిపించింది. చుక్కలపెట్ట ఒకటి మెడ వంచి అటే చూస్తూ, ఓ అడుగు వేసింది. 

అంతలో కింద దబ్బున చప్పుడైంది. తూతా! అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులని గుడిలో కూడా కూలబడినట్టే కూర్చునే మనిషి, నిచ్చెనమెట్లు ఎలా దిగిందో దేవుడికే తెలియాలి. ఆదివారప్పూట కట్టుకున్న నీలంగౌనుతో బురదలో మోకాళ్ళూ మోచేతులూ ఆనించి, ఆ తెల్లని అప్పానికి పైకప్పులా వంగిపోయింది. పెట్ట కొంచెం తటపటాయించి, ఎగిరి ఆమె వీపెక్కింది.

"కార్పో! చచ్చావా ఏంటి, దిగు!" అని అరిచింది తూతా. "నేను ముట్టుకోను. అది నీ పని. తొందరగా రా, నా మోకాళ్ళు ఆగట్లేదు!"

కార్పో దిగి, పందిని తోసుకుంటూ, నడుము విరిగేలా వంగి పాక్కుంటూ వెళ్ళాడు. ఆమె చంక కింద నుంచి చెయ్యి పోనిచ్చాడు. చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. అప్పం విరగలేదు, ఒక అంచుకి బురద అంటింది. మోకాళ్ళ మీదే ఉండి, ఆ బురదతోనే నోట్లో పెట్టుకున్నాడు. పంటికింద ఇసుక కరకరలాడింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి.

నేల అడుగున, పందికీ కోళ్ళకీ మధ్య ఇద్దరూ మోకరించి ఉండిపోయారు. పైనుంచి లోలా గొంతు ఖంగున మోగింది.

"ఏమర్రా! నాలుక ఎండిపోతోందిక్కడ! ప్రభువుని ఏం చేశారు?"

"వస్తున్నామమ్మా, నాలుక లోపల పెట్టుకో!" అంది తూతా.

అప్పుడే తిరిగి పైకి పోలేదు వాళ్ళు. తూతా మంచినీళ్ళ కుండ తెచ్చి, అప్పం పడినచోట మెల్లగా పోసి కడిగింది. ఆ కాస్త బురదనీ కొబ్బరిచిప్పతో ఎత్తి మునగచెట్టు మొదట్లో పూడ్చింది. పందిని విప్పి పెరటి చివర కట్టేసింది. ఆమె ఇవన్నీ చేస్తున్నంతసేపూ కార్పో గుంజకి ఆనుకుని, మెడలోంచి తాళంచెవి తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదిగో తూతా. ఆ రోజు నువ్వన్నదే నిజమైంది. తీసుకో, ఫాదర్ వచ్చాక ఇచ్చెయ్."

తూతా తడిచేతులు గౌనుకి తుడుచుకుంది. "నీ చెయ్యి ఎప్పట్నుంచి ఇలా?"

"తపస్సుకాలం నుంచి."

"నాకు తెలుసు. మణికట్టు పట్టుకోవడం మొదలెట్టినప్పుడే తెలుసు. చూడు కార్పో, నువ్వు ఎప్పుడు జారవిడుస్తావా అని ఇన్నేళ్ళూ కాపలా కాశాను. ఇవాళ జారవిడిచావు. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు. కింద పడుతుంటే నా ప్రాణమే పోయినట్టయింది, నీ మొహం చూస్తే ఇంకా ఘోరంగా అయింది. అది కూడా నీ తప్పే. తాళం మెళ్ళో వేసుకో. మా అమ్మ ఎదురు చూస్తోంది."

"డబ్బీలో ఇంకొకటుంది తూతా, కానీ నేనివ్వలేను. మళ్ళీ పడిపోతుంది."

పైనుంచి మాట వచ్చింది. లోలా అంతా వింటూనే ఉంది, నేలకి సందులుంటే గోడలకి చెవులెందుకు? "వచ్చేవారం మంచి చెయ్యి ఉన్నవాణ్ణి పంపిస్తావట్రా? అప్పటిదాకా నేనుంటానని నీకు రాసిచ్చారా ఎవరైనా? పైకి రా!"

పైకెళ్ళారు. కార్పో చేతులు కడుక్కుని రెండో అప్పం తీశాడు. తూతా బల్ల మీది తెల్లగుడ్డ తీసి తన అరచేతిలో పరిచి, ఆ చేతిని అతని చేతికింద గట్టిగా ఆనించింది. అతని వణుకు ఆమె చేతిలోకి దిగింది. ఇద్దరి చేతులూ కలిసి, మెల్లగా, ముసలామె నాలుక దాకా వెళ్ళాయి.

లోలా నోరు మూసుకుంది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అరుదు.

వారం గడిచేసరికి దీవిలో కథలు పుట్టాయి. చుక్కలపెట్ట సత్ప్రసాదం మింగిందనీ, అప్పట్నుంచి అది మాంసం మానే భక్తురాలిలా శుక్రవారం పురుగులు ముట్టడం లేదనీ ఒక కథ. జనం దాన్ని చూడ్డానికి వచ్చారు. తూతా చీపురు పట్టుకుని తరిమింది. "కోడేం తినలేదు! మీ బుర్రల్నే ఏదో తినేసింది, వెళ్ళండి!"

రెండో కథ కార్పో భయపడినదే. తాగొచ్చాడట, తూలాడట, జారవిడిచాడట. చేపలు దింపే రేవులో ఎవరో ఆడమనిషి ఈ మాట అంటుంటే తూతా బుట్ట కింద పెట్టి నిలబడింది.

"తాగినోడి చెయ్యి ఎలా ఉంటుందో నువ్వు నాకు చెప్తావా? నా మొగుడు బతికున్నన్నాళ్ళూ అదే కదా చూశాను! తాగినోడిది పొద్దున వణికి, చుక్క పడగానే కుదురుకుంటుంది. కార్పోది జబ్బుచెయ్యి. ఇంకోసారి అన్నావంటే నీ నోరు గుడిగుడ్డలు జాడించినట్టు జాడిస్తాను."

ఈ మాట బియాంగ్ చెవిన పడింది, ఆమె ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది.  "తూతాయేనా?" అని కార్పో రెండుసార్లు అడిగాడు.

మరుసటి ఆదివారం ఫాదర్ జోనిల్ పడవ దిగాడు. పూజకి ముందు బాదంచెట్టు కింద కుర్చీ వేసుకుని, జనం తమ తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనాలు విన్నాడు. కార్పో అందరికన్నా ముందు వెళ్ళి, జరిగిందంతా చెప్పి, తాళంచెవి అతని ఒళ్ళో పెట్టాడు.

"ముందు అవతలి ఊళ్ళో డాక్టరుకి చూపించుకో," అన్నాడు ఫాదర్. "ఇక తాళం. తిప్పడానికి నీ వణుకు అడ్డొస్తుందా?"

"రాదు ఫాదర్."

"డబ్బీ మెడలో వేసుకు నడవడానికి?"

"రాదు. ఇవ్వడమే నావల్ల కాదు."

"అయితే తాళం నీదే. ఇవ్వడానికి ఇంకో చెయ్యి కావాలి. బిషప్‌గారికి నేను రాస్తాను, ఆ జవాబు వచ్చేలోగా, ఇవాళ్టి పూజకి మాత్రం నేనే అనుమతిస్తాను. ఎవరి పేరు చెప్తావు?"

ఆ పేరు నోట్లోంచి రావడానికి కార్పోకి కొంచెంసేపు పట్టింది. ఇన్నేళ్ళు ఒంటిగా నడిచిన దారి మరి. "రెస్తితుతా," అన్నాడు.

ఫాదర్ తెల్లబోయాడు. "ఆవిడా? నీ గోళ్ళు చూస్తుందట కదా ప్రతివారం?"

"అందుకే ఫాదర్."

పూజలో ఫాదర్ ఆ పేరు చదివినప్పుడు గుడంతా ఒక్కసారి తల తిప్పింది. తూతా మొహం పాలిపోయింది. జీవితమంతా ప్రభువు తాకిన గుడ్డలు ఉతికింది గానీ ఆయన్ని వేళ్ళతో ఎన్నడూ పట్టుకోలేదు. ముందుకి నడిచి, అప్పాలపాత్ర అందుకుని, ఫాదర్ పక్కన కాస్త ఎడంగా నిలబడింది.

సత్ప్రసాదానికి జనం లేచారు. లేచినవాళ్ళు లేచినట్టే ఫాదర్ ముందు వరుస కట్టారు. ఇందులో పగేమీ లేదు, గురువు చెయ్యి ఉండగా ఇంకొకరి దగ్గరికెందుకన్న పాత అలవాటు. తూతా నోటికి జడుపు కూడా ఉందనుకోండి. ఆ వరుస గుమ్మం దాకా పోయింది. తూతా ముందు ఒక్కరూ లేరు. ఆమె కళ్ళు పాత్రలోకి దించుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ఒంటరిగా నిలబడి ఉంది. పాత్ర అంచు సన్నగా కదులుతోంది.

కార్పో ఫాదర్ వరుసలో ఉన్నాడు. ఇంకో ముగ్గురి తర్వాత అతని వంతు. ఆ వణికే అంచుని చూశాడు. వరుసలోంచి బయటికొచ్చి, గుడి మధ్యగా నడిచి, తూతా ముందు ఆగాడు.

చేతులు చాచాడు, ఒకదాని మీద ఒకటి పెట్టి. మణికట్టు పట్టుకోలేదు. ఊరంతా చూస్తుండగా రెండు చేతులూ వణికాయి, దాచుకోవాలని అతనికి అనిపించలేదు.

"క్రీస్తు శరీరం," అంది తూతా. 

"ఆమెన్."

ఆమె ఆ చేతులు కుదురుకుంటాయేమోనని చూసింది. తొందరపెట్టలేదు. అవి కుదురుకోలేదు.

"నోరు తెరు కార్పో," అంది మెల్లగా. ఇన్నేళ్ళలో అతనితో అంత మెత్తగా ఆమె మాట్లాడింది లేదు.

అతను చేతులు దించి నోరు తెరిచాడు. నాలుక మీద సత్ప్రసాదం పెట్టి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కార్పో పక్కకి తిరిగేసరికి వెనక బియాంగ్ నిలబడి ఉంది, ఆమె వెనక రేవులో మాట తూలిన మనిషి, ఆమె వెనక ఇంకా జనం వచ్చి చేరుతున్నారు.